అద్దం లోపల ముక్కుపురుగు

మధ్యాహ్నం ఒకటీ నలభైకి ఫోన్ వచ్చింది. రెండూ ఇరవై ఐదుకు నేను ఒమాన్‌లోని మత్రాలో సఫియా గ్యాలరీ మెట్లెక్కాను. మధ్యలో కారులోనే ఒక రొట్టె తిన్నాను.

నా పేరు ఖాదర్‌వలి. రుసైల్‌లో ఒక కార్గో కంపెనీలో పని. గోదాముల్లో సరుకు ఎక్కడ మాయమైందో, ఎవరు మాయం చేశారో కనిపెట్టాలి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చదివినవి రెండే. పెట్టెల మీద అచ్చు, మనుషుల ముఖాల మీద అబద్ధం. రెండింట్లో పెట్టెలే నయం.

గుమ్మంలోనే తహ్సీన్ ఎదురయ్యాడు. గ్యాలరీకి సెక్యూరిటీ ఆఫీసరు. హైదరాబాదు మనిషి, దుబాయ్ హోటళ్ళలో పదేళ్ళు చేసి వచ్చాడు. ఏప్రిల్ ఎండలో కోటు తొడుక్కున్నాడు. ఆయన కంటే ముందు ఆయన అత్తరు వచ్చింది. రెండేళ్ళ కిందట టైర్ల దొంగను నేను పట్టుకుంటే, తానే పట్టానని పైవాళ్ళకు చెప్పుకున్నాడు. నేను మరచిపోలేదు. నాకు మరుపు తక్కువ.

"ఏంది వలీ భాయ్? గోదాముల ఎలుకలు అయిపోయినయా, ఇటొచ్చినవ్?"

"ఎలుకలు అట్లే ఉండాయి. కోటేసుకున్నది ఒకటి ఇక్కడుందంటే చూసిపోదామని వచ్చినా."

ఆయన నవ్వాడు. నవ్వడం ఆయనకు బాగా వచ్చు.

"కేస్ ఖతం. దొంగ దొరికింది, మాల్ దొరికింది. నాలుగు గంటలకు పోలీసోళ్ళకు ఫోన్ కొడ్త. అయిదింటికి ఎగ్జిబిషన్. నువ్వు చాయ్ తాగి పో."

"దొరికితే ఇప్పుడే ఎందుకు కొట్టలేదు?"

"మేడం ఆగమన్నది. రేపు ఈ బొమ్మలన్నిటిని దుబాయ్ పంపేది మీ కంపెనీ గద. మీ తరఫున ఒకరు చూడాల్నంట. చూసినవ్ గద. చాయ్?"

"చక్కెర లేకుండా."

సఫియా లోపలినుంచి వచ్చింది. ఒమానీ మనిషి. మత్రాలో హిందుస్తానీ అంగళ్ళ మధ్య పెరిగింది కాబట్టి హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది. సంగతి తక్కువ మాటల్లో చెప్పింది. అందుకే ఆమె అంటే గౌరవం కలిగింది.

గోడల మీద పదకొండు బొమ్మలు ఉన్నాయి. వేసింది డోరా అనే అమెరికా ముసలామె. వయసు ఎనభై నాలుగు. ఎవరి దగ్గరా బొమ్మలు నేర్చుకోలేదు. కొడుకు సూర్‌లో గ్యాస్ ప్లాంటు ఇంజినీరు. ఆ కొడుకు ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉండి, ఒహాయోలో తన చిన్నప్పటి పల్లెను గుర్తున్నంత మేరకు బొమ్మలుగా వేసింది. మూడు వారాల కిందట అమెరికాలో చనిపోయింది. ఆమె దగ్గర బొమ్మలు తీసుకుని, అద్దాలతో పటాలు కట్టి గ్యాలరీకి తెచ్చింది ఎహసాన్. సూక్ బజారు వెనక పటాలు కట్టే అంగడి ఆయనది. మొత్తం పన్నెండు బొమ్మలు, ఒకటి ఎవరో దాచేశారు అని మొదటినుంచీ అంటున్నాడు. ఈరోజు పదిన్నరకు ఆ పన్నెండోది ఒక పనిమనిషి సంచిలో దొరికింది.

"ఎవరి పనిమనిషి?"

"డోరా ఇంటి మనిషే. కాశమ్మ. మీ వైపు ఆమె. లోపలికి వచ్చి, మొదటి బొమ్మ మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఇది నాది అంది." సఫియా నా కళ్ళలోకి చూసింది. "ఖాదర్‌వలీ, నాకు తీర్పు వద్దు, నిజం కావాలి. పోస్టరు మీద అబద్ధపు పేరు ఉంటే అయిదింటికి నేను తలుపు తెరవను."

"నాలుగు లోపల చెప్తాను," అన్నాను.

నాలుగు దాటితే ఏమవుతుందో నాకు తెలుసు. కంప్లయింట్ పడితే కాశమ్మ పని పోతుంది. తర్వాత విమానం ఎక్కిస్తారు. మళ్ళీ ఈ దేశంలో కాలు పెట్టనివ్వరు. దొంగ అన్న పేరు మాత్రం ఊరి దాకా వెంట వెళ్తుంది.

సంచి చూపించమన్నాను. తహ్సీన్ దాన్ని తన బల్ల మీద బోర్లించాడు. తువ్వాలు, టిఫిన్ డబ్బా, ఖర్జూరం పొట్లం, సూర్ నుంచి ఉదయం ఆరు గంటల బస్సు టికెట్, ఫోన్ ఛార్జర్. పాత దుప్పటిలో చుట్టిన బొమ్మ.

బొమ్మ విప్పాను. తెల్లటి మంచు, మంచు మీద గుర్రపు బండి, బండి నిండా పిల్లలు, దూరంగా గంట కట్టిన ఒంటిగది బడి. ఆకాశం మీద వేలు పెట్టాను. వేలికి నీలం అంటింది.

"మూడు వారాల కింద చచ్చిపోయిన మనిషి వేసిన బొమ్మ ఇంకా ఆరలేదే, తహ్సీన్."

"అదే నేను చెప్పేది. అసలుది చూసి నకలు కొట్టింది. దొంగతనం ఒకటి, నకలు ఒకటి. రెండు కేసులు!" పెళ్ళిలో రెండు స్వీట్లు వడ్డించినట్టు చెప్పాడు.

బొమ్మను తిరగేశాను. అది కొన్న కాన్వాసు కాదు. దుప్పటి గుడ్డను నాలుగు మడతలు వేసి, బొంత కుట్టినట్టు దగ్గరదగ్గరగా కుట్టారు. గంజి పట్టించి బిరుసు చేసి, దాని మీద రంగు వేశారు. మూడు మూలలు మూసి ఉన్నాయి. నాలుగో మూల తెరిచి ఉంది. దారం తెంపకుండా సూది గుచ్చే ఉంచారు.

"ఇంత కుట్టిన మనిషి ఆ ఒక్క మూల ఎందుకు వదిలింది?"

"టైం దొరకలే."

"నకలు కొట్టేదానికి కుట్టెందుకు? అద్దం పెడితే వెనక ఏముందో ఎవరు చూస్తారు?"

"నీ తాన సవాళ్ళు జాస్తి, వలీ భాయ్. జవాబులు కమ్తీ."

ఆయన చెప్పింది నిజమే. అప్పటికి రెండూ యాభై.

*

కాశమ్మను సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. నలభై ఐదేళ్ళుంటాయి. అట్టపెట్టె మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. బొడ్లో ఇంటి తాళంచెవి, దాని మీద చెయ్యి.

"ఏ ఊరమ్మా?"

ఆ మాట వినగానే ముఖం వెలిగింది. "మైదుకూరు పక్కనన్నా. మీది?"

"ప్రొద్దుటూరు."

"అదే అనుకుంటి. ప్రొద్దుటూరోళ్ళు ఊరికే నవ్వరంటారు. నిజమే."

"నవ్వేదానికి నేను రాలేదు. బొమ్మలు నువ్వేసినావా?"

"నేనే అన్నా. ఇంకెవురు యేస్తారు? మేడమ్‌కు మధ్యాన్నం నిద్ర రాదు. తుంటి నొప్పి. మా ఊళ్ళో ఇదుండె, అదుండె అని చెప్పుకుంటా ఉంటాది. సగం నాకు అర్థం కాదు. ఒకదినం తలుపులకు పూసి మిగిల్చిన రంగు డబ్బాలు తెచ్చి, 'నువ్వు చెప్పు మేడమ్, నేను గీస్తా. తప్పయితే చెరిపేస్తా' అన్యా. అట్ల మొదులైంది."

"మంచు ఎట్ల గీసినావు? చూసినావా?"

"ఫ్రిజ్జులో చూసినా. 'ఇదేనా మేడమ్?' అంటే, 'ఇదే, కాకపోతే ఊరంతా' అనింది."

నేను నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి కొంచెం కష్టపడ్డాను.

మిగతాది అడిగి రాబట్టాను. జనవరి తొమ్మిదిన డోరా మేడం తుంటి ఆపరేషనుకు కొడుకుతో అమెరికా వెళ్ళింది. ఏప్రిల్లో ఆమె పుట్టినరోజు. వచ్చేసరికి బొమ్మలకు అద్దాలు కట్టించి గోడకు తగిలించాలని కాశమ్మ ఫిబ్రవరిలో ఒక బొమ్మను ఎహసాన్ అంగడికి తీసుకెళ్ళింది.

"చూసి, 'శానా బాగుందమ్మా, ఇంకా ఉన్నాయా? అన్నీ కట్టిస్తా' అన్యాడు. వాడే బండేసుకొని సూర్‌కొచ్చి అన్నీ ఎత్తుకపోయినాడు. ఇంకొకటి యేస్తాండా, అయినాంక తెస్తా అంటి. మేడమ్ ఇచ్చిన పొట్లం గూడా దాంట్లోనే పోయింది."

"ఏం పొట్లం?"

"పొయ్యే ముందర కట్టి నా చేతిలో పెట్టింది. 'నేనొచ్చినాంక ఇద్దరం కలిసి ఇప్పుదాం. అంతవరకూ ఇప్పొద్దు' అని."

"దాంట్లో ఏముంది?"

"నాకేం తెలుసు? నేను ఇప్పలేదు గదా."

"నెల దినాలు ఇంట్లో పెట్టుకుని ఒక్కసారి కూడా విప్పి చూడలేదా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మాటిచ్చినాంక ఎట్లిప్పుతారన్నా?"

ఈరోజు కొత్త బొమ్మ అంగట్లో ఇచ్చి, పాతవి తెచ్చుకుందామని వచ్చింది. దారిలో గోడ మీద పోస్టరు కనపడింది. పోస్టరు నిండా ఆమె వేసిన గుమ్మడికాయలు.

"మేడమ్ పోయిందని పొద్దున ఈడ ఆ ఎహసాన్ చెప్పినాడన్నా," అంది గొంతు తగ్గించి. "మేడమ్ కాడినుంచి నాకు నెల దినాలుగా ఫోను రాలేదు. అబద్ధమని చెప్పన్నా."

"తెలిసినాక చెప్తా. తెలియకముందు చెప్పను."

కఠినంగానే అన్నాను. నా భార్య హసీనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అంతా బాగైపోతుందని నాకు చెప్పిన డాక్టరును ఎనిమిదేళ్ళయినా నేను క్షమించలేదు.

"ఇంకొకటి. ఆ మూల కుట్టకుండా ఎందుకు..."

తలుపు తెరుచుకుంది. "ఎహసాన్ భాయ్ వచ్చిండు," అన్నాడు తహ్సీన్. "నీ ఇంటర్వ్యూ అయిపోయిందా?"

*

ఎహసాన్ సన్నటి మనిషి. మాట కూడా సన్నం. కూర్చోకముందే జేబులోంచి కాగితం తీశాడు. అడగకముందే కాగితం తీసేవాడిని నేను నమ్మను.

బొమ్మలన్నీ నేనే వేశాను, ఎహసాన్‌కు ఇస్తున్నాను అని ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. కింద డోరా సంతకం. తారీఖు జనవరి ఇరవై.

"ఎక్కడ సంతకం పెట్టింది?"

"సూర్‌లో. వాళ్ళింట్లో. నా కళ్ళ ముందర, తన చేత్తో."

"ఆమె తొమ్మిదినే అమెరికా పోయిందని పనిమనిషి చెప్తోంది."

"చదువు లేని మనిషి సార్. తొమ్మిది, పంతొమ్మిది, ఇరవై అన్నీ ఒకటే ఆమెకు."

తహ్సీన్ పెద్దగా నవ్వాడు.

"చనిపోయిందని మీకెవరు చెప్పారు?"

"కొడుకు."

సఫియా దగ్గర కొడుకు నంబరు ఉంది. కొట్టాను. కలవలేదు. మళ్ళీ కొట్టాను. స్విచాఫ్.

"తల్లి పోయిన దుఃఖంలో ఉన్నాడు సార్," అన్నాడు ఎహసాన్. "మనం ఇబ్బంది పెట్టకూడదు."

అప్పుడు తహ్సీన్ బల్ల సొరుగులో గుర్రుమని చప్పుడైంది. ఫోను. మోగి మోగి ఆగింది. మూడూ పది.

"నాది," అన్నాడు తహ్సీన్. "ఇంటి నుంచి."

నేను గోడల వైపు నడిచాను.

ముందు హాల్లో పది బొమ్మలు. ఒక్కొక్కటీ తీరిగ్గా చూశాను. ఎర్రటి పశువుల కొట్టం, దాని కప్పు మీదికి పాకిన గుమ్మడి తీగ, తీగకు పన్నెండు కాయలు. పాలు పితికే తెల్ల పిల్ల, ఆవు ముందుకాలికి కట్టేసిన దూడ. మంచులో ఉత్తరాల డబ్బా, డబ్బాకు పసుపు పూసి బొట్టు. తిరునాళ్ళ లాంటి సంతలో టోపీల మగవాళ్ళు, వాళ్ళ నెత్తిన చెరుకు గడల్లా ఏవో మోపులు. నేల మీద బాసింపట్టు వేసుకుని బొంత కుడుతున్న ఎనిమిది మంది అమెరికా ఆడవాళ్ళు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టున్నారు. బొమ్మలోంచి గోల వినిపించింది.

ఎవరూ సంతోషంగా లేకుండా లేరు. కుక్కతో సహా.

"తహ్సీన్, అమెరికాలో గుమ్మడికాయ కొట్టం మీద కాస్తాదా?"

"కాయదా?"

"ఉత్తరాల డబ్బాకు బొట్టు పెడతారా?"

"ఎనిమిదేండ్లు మీ కడప పనిమనిషి పక్కన ఉంటే ముసలామెకు అది అంటుకుంటది భాయ్. నేను కోర్టులో చెప్త ఈ మాట. నువ్వేం చెప్తవ్?"

మళ్ళీ నిజమే. తప్పులు చూసి మురిసిపోవచ్చు, సాక్ష్యం కాదు. సొరుగు మళ్ళీ గుర్రుమంది. మూడూ ముప్ఫై. తహ్సీన్ వినపడనట్టు నిలబడ్డాడు.

బొంత బొమ్మ దగ్గరికి వంగాను. కుడి చేతి కింది మూలలో అద్దం లోపల ఏదో చుక్క. రంగు మరక అనుకున్నాను. మరక నడిచింది.

చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకోలేదు.

"ఏమైంది?" సఫియా దగ్గరికి వచ్చింది.

"మేడం, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"మా అక్క."

"అందుకే మీకు తెలియలేదు. తహ్సీన్‌కు భార్య వండుతుంది. ఎహసాన్‌కు హోటలు. ఎనిమిదేళ్ళుగా నా బియ్యం నేనే చెరుగుకుంటున్నాను. వీడిని నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరూ గుర్తుపట్టరు. వీడు బియ్యంలో పట్టే ముక్కుపురుగు. రంగు తినడు. కట్టె తినడు. బియ్యం ఉన్నచోటే పుడతాడు. నాలుగు వైపులా టేపు వేసి మూసిన పటంలో ఏం చేస్తున్నాడు?"

తహ్సీన్ అద్దానికి ముక్కు ఆనించాడు. "పురుగే గద! ఈ మకాన్ పాతది. ఎక్కడెక్కడివో వస్తయి."

"వస్తే ఎక్కడైనా ఉండాలి. రా, చూద్దాం."

చూశాం. కొట్టం బొమ్మలో రెండు చచ్చిన పురుగులు, కుడి చేతి కింది మూల. ఆవు బొమ్మలో తెల్లటి పిండి రాలి ఉంది, కుడి చేతి కింది మూల. ఉత్తరాల డబ్బా బొమ్మలో బతికున్నదొకటి, అదే మూల.

"ఎహసాన్, అంగట్లో బియ్యం పెట్టుకుంటావా?"

"లేదు సార్." అన్నాక, ఉన్నాయని చెప్పాల్సిందేమో అని ఆలోచించాడు. ఆలోచన ముఖం మీద కనపడింది.

"కాశమ్మను పిలిపించండి మేడం. బొమ్మల దగ్గరికి కాదు. గుమ్మం దగ్గర, గోడ వైపు తిరిగి నిలబడమనండి."

ఆమె వచ్చి నిలబడింది.

"నేను అడిగిందానికే జవాబు చెప్పు. సంచిలో బొమ్మకు ఒక మూల ఎందుకు కుట్టలేదు?"

"ఇంకా పెట్టలేదు గదన్నా."

"ఏం పెట్టలేదు?"

సిగ్గుపడింది. "నవ్వుతారు."

"ప్రొద్దుటూరోళ్ళు నవ్వరు. చెప్పు."

"బియ్యమన్నా. మాయమ్మ బొంత కుట్టినా కడాకు ఒక మూల తెరిచిపెట్టి అయిదు గింజలేసి మూస్తాండె. బొంత కడుపు ఖాళీగా ఉండగూడదు, ఉంటే కప్పుకున్నోళ్ళకు ఆకలైతాదని. నేను కుట్టినేటివన్నీ అంతే. బొమ్మ ఆరినాంకనే పెడతా."

"ఏ మూల?"

"కుడి చేతి కింది మూల. అయిదు. ఎక్కువా కాదు, తక్కువా కాదు."

హిందీలో సఫియాకు చెప్పాను. చెప్తుంటే నా రూములో ఉన్న బొంత గుర్తొచ్చింది. హసీనా కుట్టింది. ఒక మూల వేలికి గట్టిగా తగులుతుంది. ముడి అనుకున్నాను. ఎనిమిదేళ్ళుగా ముడి అనుకున్నాను.

"పటం విప్పాలి మేడం."

"వద్దు!" ఎహసాన్ గొంతు మొదటిసారి లావైంది. "విప్పితే బొమ్మ పాడైపోతుంది!"

"విప్పండి," అంది సఫియా.

బొంత బొమ్మ విప్పాను. వెనక టేపు కోసి, గుడ్డ మూల కుట్టు ఊడదీసి, సఫియా అరచేతిలో దులిపాను. అయిదు గింజలు. మూడు గట్టివి, రెండు పురుగు తొలిచినవి. రెండోది ఆవు బొమ్మ. అయిదు. మూడోది. అయిదు.

సఫియా పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కాశమ్మ వెనక్కి తిరిగి, "పెట్టకపోతే ఎట్లక్కా?" అని తెలుగులోనే సంజాయిషీ చెప్పుకుంది.

తహ్సీన్ మాత్రం ఒప్పుకోలేదు. ఆయనకు ఓడిపోవడం చేతకాదు. లోపలి గదిలోకి వెళ్ళి పదకొండో బొమ్మను మోసుకొచ్చాడు. అన్నిటికంటే పెద్దది.

"ఇది విప్పు వలీ భాయ్. దీంట్ల పురుగు లేదు, పిండి లేదు. గుడ్డ గూడ కాదు."

విప్పకముందే కనిపించింది. అది కొన్న కాన్వాసు. కుట్టు లేదు. బియ్యం లేవు.

"చూసినవా? కుట్టుపని ఆమెది గావచ్చు. రంగులు ముసలామెయి. గుడ్డ కుట్టి ఇచ్చినందుకు బొమ్మలన్నీ నావే అంటున్నది." ఎహసాన్ భుజం తట్టాడు. ఎహసాన్ ముఖంలో ప్రాణం వచ్చింది.

"కాశమ్మా, ఇటు తిరుగు. ఇది నువ్వేసిందేనా?"

ఆమె వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. బొమ్మలో మంచు. ఎర్ర కొట్టం. కొట్టం వాకిట్లో చీర కట్టుకున్న ఒక నల్లటి ఆడమనిషి, మంచు మీద ముగ్గు వేస్తోంది. గీత వంకర. చెయ్యి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ముఖం మాత్రం కాశమ్మదే.

"నాది కాదన్నా," అంది. "నేను ఇంత అధ్వాన్నంగా యెయ్యను."

తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇది నేను. అన్నా, ఇది నేనే! పొట్లం... పొట్లంలో ఉండేది ఇదా?"

నేను వెనక అంటించిన అట్ట చింపాను. ఎహసాన్ పటం కట్టేటప్పుడు కొత్త అట్ట వేశాడు. వేసేముందు కాన్వాసు వెనక చూడలేదు. అమ్మాలనుకునేవాడు ముందువైపే చూస్తాడు. వెనక పెన్సిల్‌తో నాలుగు వరుసలు. చేతిరాత వణికి ఉంది.

సఫియా చదివి హిందీలో చెప్పింది. నేను కాశమ్మకు తెలుగులో చెప్పాను.

"'కాశమ్మకు. నువ్వు పది వేశావు, నేను ఒకటి వేశాను. నీ దగ్గర నేర్చుకున్నా నాకు రాలేదు, నవ్వొద్దు. మా ఊరు నేను మరచిపోతుంటే నువ్వు గుర్తుపెట్టుకున్నావు. రేపు విమానం. తిరిగొచ్చి నీతో పదకొండోది వేయిస్తాను. డోరా. జనవరి ఎనిమిది.'"

కాన్వాసు వెనకవైపును ఎహసాన్ వైపు తిప్పాను.

"ఎనిమిదిన 'రేపు విమానం' అని రాసిన మనిషి," అన్నాను, "ఇరవైన సూర్‌లో కూర్చుని నీ కాగితం మీద సంతకం ఎట్లా పెట్టింది ఎహసాన్? ఇది ఆమె సంతకం. అది నీది."

ఎహసాన్ కుర్చీలో కూలబడ్డాడు. "సార్, పనిమనిషి వేసిందంటే ఎవరు చూస్తారు? అమెరికా ముసలామె అంటే చూస్తారు. చచ్చిపోయిందంటే ఇంకా చూస్తారు. బొమ్మల మంచికే... నాకు పిల్లలున్నారు సార్. క్షమించండి."

"ఆ పని నాకు రాదు," అన్నాను.

ఆ మాట వినగానే తహ్సీన్ కోటు సర్దుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. "సరే. పోలీసోళ్ళకు కొడ్త. దొంగ మారిండు, గంతే."

ఆయన నంబరు నొక్కుతున్నాడు. సొరుగు గుర్రుమంది.

నేను గడియారం చూశాను. మూడూ యాభై తొమ్మిది. ఆయన చేతిలో ఫోను చూశాను. తర్వాత బల్ల మీద పడున్న ఛార్జర్ చూశాను. సంచిలో ఛార్జర్ ఉన్నప్పుడు ఫోను ఏదని నేను అడగలేదు. తప్పు నాది. ఒప్పుకుంటాను, మరచిపోను.

"తహ్సీన్, నీ ఫోను నీ చేతిలో ఉంది. సొరుగులో మోగేది ఎవరిది?"

ఆయన ముఖం అత్తరుతో సహా వాడిపోయింది. "పొద్దుగాల... ఆమెది... ఎవిడెన్స్ అని..."

నేనే సొరుగు లాగాను. పగిలిన అద్దం, గులాబీరంగు కవరు. అప్పటికి ఆరు మిస్డ్ కాల్స్. నిన్న కొడుకు పంపిన ఇంగ్లీషు మెసేజ్ ఒకటి విప్పకుండా ఉంది. కాశమ్మ గొంతు మెసేజ్‌లే వింటుందట, అక్షరాలు చూడదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాను.

ముసలి గొంతు. బాగా కోపంగా ఉంది. యాస అమెరికాది, మాట మైదుకూరుది.

"కాశమ్మా! తలుపు తీ!"

ఎహసాన్ లేచాడు. తలుపు వైపు రెండడుగులు వేశాడు. తహ్సీన్ అడ్డంగా నిలబడ్డాడు. ఆ కోటు వెడల్పు మొదటిసారి పనికొచ్చింది.

కాశమ్మ చెయ్యి బొడ్లో తాళంచెవి మీదికి పోయింది. సూర్ ఇంటికి ఉన్నది అదొక్కటే. ఇక్కడికి రెండు గంటల దారి. నిన్నటి మెసేజ్ ఈ రాక గురించే, కొడుకు ఫోను ఆగిందీ ఈ ప్రయాణంలోనే అయుండాలి.

"మేడమ్!" కాశమ్మ ఫోను మీద వంగి అరిచింది. కళ్ళ నీళ్ళు అద్దం మీద పడుతున్నాయి. "బతికే ఉండావా మేడమ్?"

అవతల ముసలామె ఇంగ్లీషులో గబగబా ఏదో అంది. సఫియా నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"ఏమంటాంది అక్కా? ఏమంటాంది?"

సఫియా చెప్పింది. నేను తెలుగు చేశాను.

"'ఇప్పటిదాకా బతికే ఉన్నాను. ఈ గేటు ముందు ఎండలో ఇంకో గంట నిలబెడితే చెప్పలేను' అంటోంది."